దానమ్మ అని చెప్పినవాళ్లు

నోటు 1
జూన్ 2, మునక తర్వాత 31వ ఏడు

ముడులు వేసే ఉద్యోగంలో చేరినవాళ్లు పని నోటు రాయాలట. ఏ ముడి ఎందుకు వేశామో తర్వాత వచ్చేవాళ్లకు తెలియాలని నియమం.

నా పేరు వాసుపల్లి నూకరత్నం. వయసు ఇరవై ఒకటి. పని చేసేది కొత్తరేవు గ్రంథాలయం, ప్రత్యేక సంగీత విభాగంలో. కొత్తరేవులో రేవు లేదు. ఇది కాఫీ తోటల మధ్య, కొండ మీద ఉంది. ఒడ్డు మునిగినప్పుడు పైకి ఎక్కించిన పద్నాలుగు ఊళ్లవాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. నేను ఇక్కడే పుట్టాను. సముద్రం చూడలేదు.

పొద్దున్న చేసిన పనులు: తేమ లాగే యంత్రం కింద డబ్బాలో నీళ్లు పారబోశాను. పదకొండు టేపులకు బూజు పట్టింది. దూదితో తుడిచాను. రెండు టేపుల్లో ఇంకా ఉప్పు ఉంది. గోటికి తగులుతుంది.

మధ్యాహ్నం మా గ్రంథపాలకులు పురుషోత్తం గారు ముడి వేయడం చూపించారు. టేపుకు ఒక అంకె, మనిషికి ఒక అంకె, పాటకు, ఊరికి, వాయిద్యానికి ఒక్కో అంకె. రెండు అంకెల మధ్య ఒక మాట. ఈ టేపు, పాడినది, ఈ మనిషి. ఈ మనిషి, పుట్టినది, ఈ ఊరు. అలా మూడు ముక్కలు కలిస్తే ఒక ముడి. గ్రంథాలయం వేసిన ముడిని ఆసుపత్రి నమ్ముతుంది. ఆసుపత్రి వేసినదాన్ని పునరావాస కార్యాలయం నమ్ముతుంది. మా అమ్మ పెళ్లయిన కొత్తలో తను ఎవరో చెప్పుకోవడానికి సంచీడు కాగితాలు మోసుకుని కార్యాలయాల చుట్టూ తిరిగేదట. ఇప్పుడు ఎవరూ దేన్నీ రెండుసార్లు నిరూపించుకోనక్కర్లేదు. పని చేసినవాళ్ల పేర్లు రాసి తీరాలనే పేరు సంఘంవారి ఏడో కరపత్రం ఈ ఏర్పాటును మెచ్చుకుంది. నేనూ మెచ్చుకుంటున్నాను.

నోటు 2
జూన్ 5

పాత కార్డులు తీశాను. ఈ విభాగంలో అలివి వల పాటలవి 212 టేపులు ఉన్నాయి. అలివి వలంటే ఒడ్డున నిలబడి రెండు కొసలూ పట్టుకుని నలభై మంది లాగే పెద్ద వల. లాగేటప్పుడు ఆడవాళ్లు పాడేవారు.

ప్రతి కార్డు మీదా పాట సేకరించిన పెద్దమనిషి పేరు డిగ్రీలతో సహా ఉంది. టేపు రికార్డరు ఏ కంపెనీదో ఉంది. ఒక కార్డు మీద ఆ రికార్డరు తెచ్చిన జీపు డ్రైవరు పేరు కూడా ఉంది. పాడినవారు అన్నచోట 'తెలియదు' అని ఉంది. దాని పక్కన పెన్సిలుతో 'దానమ్మ?' అని, లేకపోతే 'పోలమ్మ?' అని, ఒక ప్రశ్నార్థకం.

టేపులు పెట్టి విన్నాను. పాట అయ్యాక ఆ పెద్దమనిషి పేరు అడుగుతున్నాడు. ఆమె చెబుతోంది. 'దానమ్మ' అని, స్పష్టంగా, రొప్పుతూ చెబుతోంది. అయినా తెలియదని రాసుకున్నారు. చెప్పినా తెలియదట.

టేబుల్ మీద చరిచాను. గాజు గ్లాసు ఒకటి పగిలింది. రేపు ఇంటి నుంచి తెచ్చి పెడతాను.

నోటు 3
జూన్ 6

గ్లాసు తెచ్చాను.

ఈ విభాగంలో 'తెలియదు' అన్న మాట మిగలకుండా చేస్తానని పురుషోత్తం గారితో అన్నాను. ఆయన వయసు అరవై దాటింది. మునక ఏట ఈ టేపులన్నీ పాత చీరల్లో చుట్టి, లారీ మీద కూర్చుని కొండెక్కించిన మనిషి. నిదానంగా మాట్లాడతారు. తెలియనిది తెలియదని రాయడం కూడా పనే అన్నారు. తెలియదు అనే మాట వెనక ఎవరో ఒకరు ఎప్పుడూ సుఖంగా కూర్చునుంటారని నాలుగో కరపత్రంలో ఉంది, అదే చెప్పాను. ఆయన ఒకసారి తన కుర్చీ వైపు చూసుకున్నారు. దానికి ఒక చెయ్యి విరిగిపోయి ఉంది.

సోమవారం నుంచి ఆయన రెండు వారాలు ఉండరు. దిగువ గోదాములో ఇంకో పెట్టె టేపులు బయటపడ్డాయట, తేవడానికి వెళుతున్నారు.

నోటు 6
జూన్ 12

నాలుగు, ఐదు నోట్లు కొట్టేశాను. వాటిలో పని సంగతి లేదు, తిట్లే ఉన్నాయి.

ఈ రోజు వేసిన ముడి ఇది. 'దానమ్మ' అని చెప్పిన టేపులు 41. మొదటిది మునకకు ముప్పై ఎనిమిదేళ్ల ముందుది. చివరిది మునక తర్వాత ఇరవై నాలుగో ఏటిది. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టినా చివరి టేపు నాటికి ఆమెకు ఎనభై. పాడగలదు. మా అమ్మమ్మ ఎనభై రెండులో కూడా ఎదురింటి వాళ్లతో గొంతెత్తి పోట్లాడేది.

గొంతులు పోల్చే యంత్రానికి 41 టేపులూ ఇచ్చాను. ఒకే గొంతు కావచ్చు, నూటికి డెబ్బై ఒకటి అంది. డెబ్బై దాటితే చాలు. పేరు ఒకటి, ఊరు ఒకటి, పాట ఒకటి. ఈ మూడూ కలిస్తే 'ఒకరే' అన్న ముడి వేయడానికి ఒక్క సంతకం సరిపోతుందని నియమాల్లో ఉంది. చేశాను.

చివరి టేపుకు వేలిముద్ర అంకె ఉంది. ముడులు వచ్చాక చేసిన రికార్డింగుల్లో మైకు పక్కన పలక మీద వేలు పెట్టిన మనిషి అంకెను యంత్రమే పట్టుకుంటుంది. ఆ అంకె గనగళ్ల కొర్లమ్మ అనే పేరు మీద ఉంది. టేపులో మాత్రం దానమ్మ అనే చెప్పింది. మావాళ్లలో ఇంట్లో పిలిచే పేరు వేరు, కాగితం మీది పేరు వేరు. కాబట్టి కొర్లమ్మ, దానమ్మ ఒకరే. ఆ ముడి కూడా వేశాను.

అరవై రెండేళ్లు పాడిన మనిషిని నలభై ఒక్క ప్రశ్నార్థకాలు చేసి పెట్టారు. ఇవాళ్టితో ఆ పని అయిపోయింది.

నోటు 9
జూన్ 19

మిగిలిన పేర్లు కూడా అదే పద్ధతిలో కలిపాను. 212 టేపులకు తొమ్మిది మంది గాయనులు తేలారు. దానమ్మ, పోలమ్మ, ఎర్రమ్మ, ఇంకా ఆరుగురు. 'తెలియదు' ఒక్కటి కూడా లేదు.

పునరావాస కార్యాలయం తన దగ్గరున్న మైలపిల్లి దానమ్మను నా దానమ్మతో కలిపింది. అంటే మనం వేసిన ముడి వాళ్లు నమ్మారు. దాంతోపాటు ఒక హెచ్చరిక వచ్చింది: దానమ్మ మరణం, మునక తర్వాత 9. చివరి టేపు, మునక తర్వాత 24. సరిచూడండి.

చూశాను. చివరి టేపు అసలుది కాదు, పాతదానికి తీసిన నకలు అయ్యుంటుంది. నకలు తీసిన తేదీనే రికార్డింగు తేదీగా వేసి ఉంటారు. హెచ్చరిక మూసేశాను.

సాయంత్రం పేరు సంఘానికి ఉత్తరం రాశాను, ఒక చిన్న గెలుపు సంగతి చెప్పాలని.

నోటు 10
జూన్ 23

పురుషోత్తం గారు నిన్న వచ్చారు. కొత్త పెట్టెలో 60 టేపులు ఉన్నాయి, వాటిలో సగం ఎలుకల పాలు.

పదకొండు గంటలకు ఒక ముసలమ్మ కర్ర తాటించుకుంటూ లోపలికి వచ్చింది. చేతిలో ఆసుపత్రి చీటీ. రెండు కళ్లలోనూ తెల్లగా పొర. తలుపు దగ్గరే నిలబడి, ఇక్కడ గ్రంథాలయం అంటే ఎవరని అడిగింది. ఏం కావాలన్నాను.

"నన్ను సంపేసినోలు ఈడ ఉన్నారంట. ఒకపాలి సూసి పోదారని ఒచ్చినాను. సూడ్డానికి కల్లు కనిపించవనుకో, ఆ సంగతి పక్కనెట్టు."

చీటీ తీసుకుని చదివాను. గనగళ్ల కొర్లమ్మ, కంటి ఆపరేషన్, వరుస సంఖ్య 31, జూన్ 23. దాని మీద ఎర్ర అక్షరాలు: రద్దు. మరణించారు. ఆధారం, గ్రంథాలయం.

దానమ్మ, కొర్లమ్మ ఒకరే అని నేను వేసిన ముడి వల్ల దానమ్మ మరణం ఈమె పేరున పడింది. కంటి డాక్టర్ల బండి ఏడాదికి ఒక్కసారే కొండ ఎక్కుతుంది. ఈసారి ఈ నెల 22 నుంచి 28 వరకు ఉంటుంది. మళ్లీ వచ్చే జూన్‌లోనే.

ఆమెను కూర్చోబెట్టాను. మీ పేరు దానమ్మ కాదా అని అడిగాను. కాదంది. మరి టేపులో దానమ్మ అని మీరే చెప్పారు కదా మామ్మా అన్నాను. ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. కాసేపటికి అర్థమై నవ్వింది.

"దానమ్మ నాకు పాట సెప్పింది. దానమ్మ పాట పాడేసి నా పేరెట్టుకుంతానేటి? దొంగతనం కాదా అది?"

అలివి పాట పాడేవాళ్లు తమ పేరు చెప్పరట. పాడాక ఎవరని అడిగితే, నేర్పినామె పేరు చెప్పాలి. ఆమె చనిపోయినా ఆమె పేరే. తన పేరును తన దగ్గర నేర్చుకున్నది చెబుతుంది. ఎవరికి వాళ్లు చెప్పుకుంటే పాట అక్కడితో ఆగిపోయినట్టు లెక్క. నేర్చుకునేవాళ్లు పాటతోపాటు నేర్పినామె గొంతు కూడా తెచ్చుకోవాలి, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఊపిరి పీలుస్తుందో అచ్చంగా అలాగే. డెబ్బై ఒకటి ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది.

మీ పేరు ఎవరు చెప్పారని అడిగాను.

"ఈ కొండ మీద వలేదీ? లాగీదేటి? ఎవులు నేర్సుకుంతారు? నా పేరెవులూ సెప్పలేదు."

పని చేసేవాళ్లు తమ పేరు దాచుకుంటే దొంగలకు దారి చూపినట్టేనని తొమ్మిదో కరపత్రంలో ఉంది. అది ఆమెకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె శ్రద్ధగా విని, ఆ కాయితం రాసినోడి పేరేటి అని అడిగింది.

ఇంటికి వచ్చి పదకొండు కరపత్రాలూ తిరగేశాను. కింద 'పేరు సంఘం' అని ఉంది. మనిషి పేరు ఒక్కదాని మీదా లేదు.

నోటు 11
జూన్ 24

కొర్లమ్మను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. గేటు దగ్గర గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. ఆమెకు కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు. తెర తిప్పి నాకు చూపించాడు.

"ఆమె బతికే ఉన్నారండీ. నాకూ కనిపిస్తూనే ఉంది. కానీ నాకు కనిపించింది ముడి కాదు కదా. మీది ముడి. మీరు వేసింది మీరే విప్పుకురండి, ఐదు నిమిషాల్లో లోపలికి పంపిస్తాను."

నేను గట్టిగా అరిచాను. ఏమన్నానో రాయను. కాపలా మనిషి వచ్చాడు. కొర్లమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఆమెకు దారి కనిపించదు, నాకు కోపం. ఇద్దరం కలిసి కాలవలో కాలు పెట్టాం.

గ్రంథాలయానికి వచ్చి ముడి విప్పబోయాను. ముడుల యంత్రం ఒప్పుకోలేదు. పేరు, ఊరు, పాట కలిస్తే ఒకరే అన్న కారణం మీద మీరు 212 టేపులు కలిపారు, అదే కారణం ఒక్క టేపు దగ్గర తప్పెలా అవుతుంది అని అడిగింది. తప్పయితే మొత్తం తప్పని చెప్పండి, ఎందుకు తప్పో ఆధారం పెట్టండి అంది. యంత్రం అన్నది సబబే. నాకు నచ్చలేదు.

ఆధారమంటే మాట చాలదు. నేర్చుకున్న మనిషి పాడి నేర్పిన మనిషి పేరు చెప్పడం, ఇద్దరి అంకెలూ విడివిడిగా ఉండటం, ఇద్దరూ బతికి ఉండటం. అలాంటి టేపు ఒక్కటైనా కావాలి. ముడులు రాకముందు చేసిన టేపులకు మనుషుల అంకెలు లేవు. వచ్చాక చేసింది కొర్లమ్మ ఒక్కతిదే. ఆమెకు నేర్పిన దానమ్మ లేదు.

ఉద్యోగం మానేస్తానని పురుషోత్తం గారితో అన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మానేద్దువుగానిలే. ముందు ఇరవై ఎనిమిదో తారీకు గడవనీ" అన్నారు. పాత కార్డు ఒకటి తీసి, "ఆ ప్రశ్నార్థకాలు పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో కార్డు మీద రాయలేదు. ఆ తప్పు నాది" అన్నారు.

ఎందుకు పెట్టారని అడిగాను. లారీలో వస్తూ దారంతా ఆ టేపులు విన్నారట. దానమ్మ అన్న గొంతులో ఒకచోట పన్ను లేని సందు వినిపించింది. పదేళ్ల తర్వాతి టేపులో ఆ సందు లేదు. పన్ను మళ్లీ మొలవదు కదా అని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

నోటు 12
జూన్ 25

కొర్లమ్మ పొద్దున్నే వచ్చింది. నేను నేర్చుకుంటానన్నాను. ఆమె నవ్వలేదు, సరేనంది. నీ పేరేటి గుంటా అని అప్పుడడిగింది. నూకరత్నం అన్నాను. పాడీటప్పుడు అది మర్సిపో అంది.

కూర్చుని నేర్చుకోబోతే రాలేదు. మాటలు వచ్చాయి. ఊపిరి ఎక్కడ పీల్చాలో అంతుపట్టలేదు. బరువు లేందే ఆ పాటలో ఆగే చోట్లు తెలియవంది. తాడు తెమ్మంది.

టేపుల పెట్టెలు మోసే ఇనుప బండి ఉంది. దానికి తాడు కట్టాం. మెట్ల పక్కన బండ్ల కోసం వేసిన వాలు మీది నుంచి కిందికి దింపి, మళ్లీ పైకి లాగాలి. ఖాళీ బండి తేలిగ్గా వస్తోందని, బరువెట్టమంది. ఎలుకలు కొరికిన టేపుల పెట్టె ఎక్కించాం. అదీ చాలలేదు. పురుషోత్తం గారు చెప్పులు విడిచి బండి ఎక్కి కూర్చున్నారు. ఒళ్లో ఆయన అన్నం క్యారేజీ కూడా పెట్టుకున్నారు.

"లాగే సెయ్యి లాగనీ, లాగలేనిదీ లాగనీ,
ఒడ్డుకొచ్చినాది ఓలమ్మా, ఇప్పుడు ఒంగొద్దే."

రెండో పాదంలో 'ఓలమ్మా' ముందు ఆగాలి. అక్కడ వల బరువు ఒక్కసారి ఒడ్డు ఇసక మీదికి ఎక్కుతుంది. సముద్రం చూడనిదానికి అది ఎలా తెలుస్తుంది. వాలు చివర చిన్న గడప ఉంది. చక్రం దాన్ని తగిలినప్పుడు ఆగాను. అదేనంది.

అరచేతులు రెండు చోట్ల చిట్లాయి. ప్రథమ చికిత్స పెట్టెలోంచి గుడ్డపట్టీ వాడాను, ఒకటి.

నోటు 13
జూన్ 26

పొద్దున్న తాడు. మధ్యాహ్నం ఎండలో లాగలేం, అందుకని టేపులు వినిపించాను. వీటిలో ఎవరి గొంతో గుర్తుపట్టగలవా మామ్మా అని అడిగాను. తెలిసినోలదైతే తెలుత్తాది, తెలవకపోతే తెలవదని సెప్పెత్తాను అంది.

విన్నవాటిలో చాలావాటికి తల అడ్డంగా ఊపింది. కొన్నిటికి పేరు చెప్పింది. ఇది అసిరి, మా ఈదే. ఇది పైడమ్మ, మొగుడు బోటు మీద పోనాడు. టేపులో అసిరి 'ఎర్రమ్మ' అంది, పైడమ్మ 'దానమ్మ' అంది.

నాలుగు గంటలకు పోలమ్మ పేరు మీద ఉన్న టేపు ఒకటి పెట్టాను. రెండో పాదం దాకా విని, ఆపమంది. మళ్లీ మొదటి నుంచి పెట్టమంది. మూడుసార్లు విన్నది.

"ఇదే దానమ్మ" అంది.

దానమ్మకు నేర్పింది పోలమ్మ. అందుకని దానమ్మ పోలమ్మ అని చెప్పింది. నేను దానమ్మ పేరున కట్టిన 41 టేపుల్లో దానమ్మ గొంతు ఒక్కదాంట్లోనూ లేదు. ఉన్న ఒక్క టేపునూ పోలమ్మకు కట్టేశాను.

కొర్లమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పొర వల్ల నీళ్లు కారుతుంటాయంది.

నోటు 14
జూన్ 27

సాయంత్రం నాలుగింటికి రికార్డు చేశాం. బయట వాలు దగ్గర మైకు పెట్టారు. బండి మీద పురుషోత్తం గారు, పెట్టె, క్యారేజీ. కొర్లమ్మ పక్కన నిలబడింది. పలక మీద ముందు ఆమె వేలు పెట్టింది, తర్వాత నేను పెట్టాను. లాగుతూ పాడాను. గొంతు రెండుసార్లు జారింది. మళ్లీ చేద్దామన్నాను. వద్దంది, దానమ్మక్కూడా జారేదట.

పాట అయ్యాక, నియమం ప్రకారం, పేరు చెప్పమని పురుషోత్తం గారు బండి మీది నుంచే అడిగారు.

ఇరవై ఒక్క ఏళ్లుగా పేరడిగితే నా పేరే చెప్పాను. రేషను వరుసలో, బడిలో, సంఘం సభలో. పదకొండు కరపత్రాలు చదివింది కూడా ఆ ఒక్క మాట గట్టిగా చెప్పడానికే. అది నాలుక మీదికి వచ్చేసింది కూడా.

"కొర్లమ్మ" అన్నాను.

టేపులో ఆ తర్వాత కర్ర నేలకు తాటించిన చప్పుడు ఉంది. దాన్ని కత్తిరించలేదు.

నోటు 15
జూన్ 28

ఉదయం ఆరింటికి మొదలుపెట్టాను. కొత్త టేపును ఆధారంగా పెట్టి, ముడుల్లోకి కొత్త మాట ఒకటి చేర్చాం: నేర్పినది. టేపులో చెప్పిన పేరు పాడినవారిది కాదు, నేర్పినవారిది. పురుషోత్తం గారు రెండో సంతకం చేశారు.

యంత్రం ఒప్పుకుంది. అయితే మొత్తానికి ఒకేసారి మార్చనంది. పాత కారణం తప్పని రుజువైంది కాబట్టి, ఒక్కో టేపుకూ పాడినది ఎవరో మనిషే చూసి రాయాలి.

కొర్లమ్మ పాడినది ఒకటి. ఆమె గుర్తుపట్టిన గొంతులు పదిహేడు, వాటిలో దానమ్మ ఒకటి. మిగిలినవి 194.

పాడినది: తెలియదు. నేర్పినది: దానమ్మ.
పాడినది: తెలియదు. నేర్పినది: ఎర్రమ్మ.

ప్రతిదీ చేత్తో రాసి, ఎందుకో ఒక వాక్యం పెట్టాలి. అడిగితే చెప్పలేదు, ఆచారం, అని పెట్టాను. యాభై అయ్యేసరికి పేర్లు కలిసిపోతున్నాయి. నూట ఇరవై దగ్గర పట్టీ ఊడి, రాసే పలక మీద రక్తం మరక పడింది. తుడిచాను. మధ్యలో పురుషోత్తం గారు వచ్చి, నేను సగం రాస్తానన్నారు. వద్దన్నాను. ఆయన అక్కడే కూర్చుని ఒక్కో టేపు తీసి అందించారు.

చివరిది రెండుంబావుకి అయింది. ఆసుపత్రి తెర మీద ఎర్ర అక్షరాలు పోయేసరికి మూడు. గుమాస్తా మాట నిలబెట్టుకున్నాడు. కాకపోతే డాక్టర్లు సామాను సర్దుకుంటున్నారు, ఐదింటికి బండి దిగిపోతుంది. ఒక్క కన్నుకే వ్యవధి ఉంది, ఏది అని అడిగారు.

కొర్లమ్మ వెంటనే ఎడమది అంది. ఎందుకని లోపలి నర్సు అడిగింది. తాడు పట్టుకుంటే మా వరస్లో సముద్రం ఎడంపక్కుండేదంది.

రెండో కన్ను వచ్చే జూన్‌కి. ఏడాది ఆలస్యానికి కారణం నేనని ఇక్కడ రాస్తున్నాను. ఆధారం, గ్రంథాలయం.

నోటు 17
జూలై 6

పనులు: తేమ డబ్బా రెండుసార్లు నిండింది, వానలు మొదలయ్యాయి. దిగువ పెట్టెలో ఎలుకలు వదిలిన టేపులు 28, వాటికి అంకెలు ఇచ్చాను. పాడినవారు అన్నచోట ఏమీ రాయలేదు. ముందు వినాలి.

పేరు సంఘం నుంచి జవాబు రాలేదు. ఆ కరపత్రాలు రాసినది ఎవరని నా రెండో ఉత్తరంలో అడిగాను. పేరు చెప్పకూడని కారణం ఏదైనా ఉంటే అదైనా చెప్పమన్నాను.

కొర్లమ్మ నల్లకళ్లద్దాలతో వచ్చింది. తలుపు దగ్గర ఆగి అద్దాలు పైకెత్తి నన్ను చూసింది. గొంతు వింటే దిట్టంగా ఉంటాననుకుందట, ఇంత పుల్లలా ఉన్నావేటని అడిగింది. తర్వాత పురుషోత్తం గారిని చూసి, ఈ బాబు మాత్రం అనుకున్నంత బరువే అంది. ఆయన క్యారేజీ మూత బిగించుకున్నారు.

జాబితాలో తను ఎక్కడుందో చూపించమంది. తెర దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె చదువుకోలేదు. వేలితో చూపిస్తూ చదివి వినిపించమంది. చదివాను.

టేపు 213. అలివి వల పాట. కొత్తరేవు, గ్రంథాలయం వాలు మీద.
బరువు: ఇనుప బండి, ఒక పెట్టె, ఒక గ్రంథపాలకుడు.
పాడినది: అడిగితే చెప్పలేదు.
నేర్పినది: గనగళ్ల కొర్లమ్మ. బతికే ఉన్నారు.

చివరి ముక్క మళ్లీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. మూడోసారి విన్నాక, ఇంకా నాలుగు పాటలున్నాయి, తాడు తియ్యి అంది.